రామగుండం కార్పొరేషన్ ఎన్నికలు: మన పేరు ఎక్కడుంది, బ్యాలెట్ మీద ఏముంటుంది?

తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా అయిపోయాయి. ఆ తర్వాత పట్టణాల వంతు. రామగుండం కార్పొరేషన్ పాలకవర్గం ఐదేళ్ల గడువు 2025 జనవరి చివర్లోనే ముగిసింది. ఆ తర్వాత కార్పొరేటర్లు, మేయర్ లేకుండా అధికారుల పాలనే నడిచింది. గోదావరిఖని, ఎన్టీపీసీ జ్యోతినగర్, ఎయిటింక్లైన్ కాలనీ, రామగుండం పాత ఊరు అంతా ఎన్నికల ముందు వినిపించేది ఒకే మాట: "ఎలక్షన్ ఎప్పుడు? ఎవరు నిలబడుతున్నరు?"

దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. "మన ఇంట్లో అందరి పేర్లు లిస్టులో ఉన్నాయా?" నోటిఫికేషన్ వచ్చాక ఈ ప్రశ్న వేసుకుంటే చాలా సార్లు ఆలస్యమే అవుతుంది. ఎందుకు ఆలస్యమో, ఇప్పుడే ఏం చేయాలో, బ్యాలెట్ మీద ఏముంటుందో, ఏముండదో ఒక్కచోట పెడుతున్నాం. ఇంట్లో అమ్మీకి, అబ్బాకు, కొత్తగా 18 నిండిన పిల్లలకు చదివి వినిపించండి.

ఒకే ఊరు, రకరకాల ఓట్లు

కోల్‌బెల్ట్‌లో ఉండేవాళ్లకు ఓట్లు ఎక్కువ. అందుకే గందరగోళమూ ఎక్కువ. ముందు వేటికవి విడదీసి చూద్దాం.

లోక్‌సభ ఓటు: రామగుండం పెద్దపల్లి పార్లమెంటు నియోజకవర్గంలో ఉంది. జరిపేది కేంద్ర ఎన్నికల సంఘం.

అసెంబ్లీ ఓటు: రామగుండం అసెంబ్లీ నియోజకవర్గం. దీన్ని జరిపేది కూడా కేంద్ర ఎన్నికల సంఘమే. ఓటర్ల జాబితా ఒక్కటే.

కార్పొరేషన్ ఓటు: దీన్ని జరిపేది తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం. ఇది వేరే సంస్థ. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పట్టణ పాలకవర్గాలకు ఐదేళ్ల గడువు, వాటి ఎన్నికలు జరిపే బాధ్యత రాష్ట్ర ఎన్నికల సంఘానిది అనే ఏర్పాటు దానితోనే రాజ్యాంగంలోకి వచ్చాయి.

సింగరేణి గుర్తింపు సంఘం ఓటు: ఇది పర్మినెంట్ కార్మికులకు మాత్రమే. ఆ జాబితా కంపెనీ రికార్డుల నుంచి వస్తుంది. దీనికి పైమూడింటితో సంబంధం లేదు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. "యూనియన్ ఎలక్షన్ల ఓటేసిన గదా, నా పేరు ఉండే ఉంటది" అనుకుంటారు. కాదు. బావిలో హాజరు పట్టీలో పేరున్నంత మాత్రాన కార్పొరేషన్ జాబితాలో ఉన్నట్టు కాదు. కాంట్రాక్టు కార్మికుడి సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అతనికి యూనియన్ ఓటు లేదు. కానీ అతని ఇంటి ముందు మోరీ గురించి, వీధి లైటు గురించి ఓటేసే హక్కు జీఎంతో సమానంగా ఉంది, జాబితాలో పేరుంటే.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి. సింగరేణి ఆర్జీ-3 ఏరియాలో ఉన్న సెంటినరీ కాలనీ రామగిరి మండలంలోకి వస్తుంది, అసెంబ్లీకి మంథని. అక్కడ నివాసం ఉండి, అక్కడే ఓటు ఉన్నవాళ్లకు రామగుండం కార్పొరేషన్‌లో ఓటు ఉండదు. ఎయిటింక్లైన్ కాలనీ నుంచి సెంటినరీ కాలనీకి క్వార్టర్ మారినవాళ్లు ఇది చూసుకోవాలి.

బ్యాలెట్ మీద ప్రశ్నలు ఉంటాయా?

అమెరికాలో బంధువులున్న కుటుంబాలు ఈ మాట విని ఉంటాయి. అక్కడ చాలా నగరాల్లో ఓటరుకు ఇచ్చే కాగితం మీద అభ్యర్థుల పేర్లతో పాటు ప్రశ్నలు కూడా ఉంటాయి. "స్కూలు కట్టడానికి నగరం అప్పు తీసుకోవచ్చా? అవును లేదా కాదు" లాంటివి. ఎన్నికలకు ముందే ఆ ప్రశ్నలను నగరవాసులకు తెలియజేస్తారు. స్విట్జర్లాండ్‌లోనైతే ప్రజలు ఏటా పలుమార్లు ఇలాంటి ప్రశ్నల మీద ఓటేస్తారు.

మన కార్పొరేషన్ ఎన్నికల్లో అలాంటి ప్రశ్న ఒక్కటి కూడా ఉండదు. మన చట్టంలో ఆ ఏర్పాటు లేదు. మీ కాలనీలో డంపింగ్ యార్డు పెట్టాలా వద్దా, ఆస్తిపన్ను పెంచాలా వద్దా అని బ్యాలెట్ మిమ్మల్ని అడగదు. అభ్యర్థుల పేర్లు, గుర్తులు, చివర్లో నోటా ఉంటాయి. అంతే.

దేశ చరిత్రలో నేరుగా ప్రశ్న అడిగిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. 1948 ఫిబ్రవరిలో జునాగఢ్‌లో, 1967 జనవరి 16న గోవాలో, 1975 ఏప్రిల్‌లో సిక్కింలో జనం ఒక ప్రశ్నకే ఓటేశారు. ఊరి స్థాయిలో రాజస్థాన్‌లో ఒక పద్ధతి ఉంది. మద్యం దుకాణం ఉండాలా వద్దా అని ఊరివాళ్లు ఓటేయొచ్చు. 2016లో రాజసమంద్ జిల్లా కాఛబలీ గ్రామం అలా ఓటేసి దుకాణం మూయించింది. మన దగ్గర అదీ లేదు.

కాబట్టి మన దగ్గర ప్రశ్న బ్యాలెట్ మీద కాదు, బ్యాలెట్ ముందు ఉంటుంది. ఓటు అడగడానికి వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి మనమే అడగాలి. ఏమేం అడగాలో కింద రాశాం.

ప్రశ్నకు దగ్గరగా ఉండేది: సింగరేణి ఓటు

ఇక్కడి జనానికి బాగా తెలిసిన ఒక ఓటు మాత్రం దాదాపు ప్రశ్నలాగే ఉంటుంది. "కంపెనీతో మన తరఫున ఎవరు మాట్లాడాలి?" అనేదే ఆ ప్రశ్న. సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు 1998లో మొదలయ్యాయి. చివరిసారి 2023 డిసెంబర్ 27న జరిగాయి. దాదాపు 40 వేల మంది కార్మికులకు ఓటుంది. రహస్య బ్యాలెట్, జరిపేది కేంద్ర కార్మిక శాఖ అధికారులు. ఏరియాలో ఎక్కువ ఓట్లు వచ్చిన సంఘానికి ఆ ఏరియాలో ప్రాతినిధ్యం, మొత్తం కంపెనీలో ఎక్కువ వచ్చిన సంఘానికి గుర్తింపు. 2023లో కంపెనీ స్థాయిలో ఏఐటీయూసీ గెలిచింది. ఆర్జీ-1, ఆర్జీ-2 ఏరియాలు కూడా దానికే వచ్చాయి. ఆర్జీ-3 ఐఎన్‌టీయూసీకి వెళ్లింది.

ఆ ఎన్నికప్పుడు పిట్ ఆఫీసు దగ్గర జాబితా పెడితే కార్మికులు గుంపుగా వచ్చి పేర్లు చూసుకున్నారు. పోలింగ్ కూడా 90 శాతం దాటింది. కార్పొరేషన్ జాబితా దగ్గరికి వచ్చేసరికి ఆ ఆసక్తి కనబడదు. జీతం, ప్రమోషన్, క్వార్టర్ యూనియన్ చేతిలో ఉంటాయని అందరికీ తెలుసు. కార్పొరేషన్ చేతిలో ఏముందో అంతగా తెలియదు.

కార్పొరేషన్ చేతిలో ఏముంది?

రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ సంస్థల పనులు 18 ఉన్నాయి. వాటిలో మన కుటుంబాలకు నేరుగా తగిలేవి చూడండి.

తాగునీరు, చెత్త, మోరీలు, వీధి లైట్లు, గల్లీ రోడ్లు. ఇల్లు కట్టుకునే పర్మిషన్. బర్త్ సర్టిఫికెట్, డెత్ సర్టిఫికెట్. పిల్లల స్కూలు అడ్మిషన్ నుంచి పాస్‌పోర్టు దాకా, ఇంటి పెద్ద పోయాక పెన్షన్, బ్యాంకు పనుల దాకా ఈ రెండు కాగితాలు లేకుండా నడవదు.

ఇవి కాక ఇంకో రెండున్నాయి. ఖబ్రస్తాన్‌లు, శ్మశానాలు ఆ షెడ్యూలులో ఉన్నాయి. ప్రహరీ గోడ, నీటి కుళాయి, లైటు, దారి అనే మాటలు ఇక్కడికే వస్తాయి. కబేళాల నియంత్రణ కూడా ఉంది. మాంసం దుకాణం నడుపుకొనే కుటుంబానికి లైసెన్సు, శుభ్రమైన కోత స్థలం రెండూ కార్పొరేషన్‌తోనే ముడిపడి ఉంటాయి.

సింగరేణి క్వార్టర్లలో నీళ్లు, కరెంటు, పారిశుధ్యం చాలావరకు కంపెనీయే చూసుకుంటుంది. అందుకే "మాకు కార్పొరేటర్‌తో పనేంది" అంటారు. కానీ రిటైరైన మరుసటి సంవత్సరం నుంచి చూడండి. క్వార్టర్ ఖాళీ చేసి సొంత గల్లీలోకి వచ్చాక నల్లా, మోరీ, చెత్త బండి, ఇంటి పన్ను అన్నీ కార్పొరేషన్‌వే.

మేయర్‌ను మనం ఎన్నుకోం

బ్యాలెట్ మీద మేయర్ పేరు ఉండదు. మీరు ఓటేసేది మీ డివిజన్ కార్పొరేటర్‌కు మాత్రమే. గెలిచిన కార్పొరేటర్లు సమావేశమై చేతులెత్తి మేయర్‌ను, డిప్యూటీ మేయర్‌ను ఎన్నుకుంటారు. ఎక్స్ అఫీషియో సభ్యులుగా నమోదైన ఎమ్మెల్యే, ఎంపీ, ఎమ్మెల్సీలకు కూడా అందులో ఓటుంది. 2020లో జనవరి 22న పోలింగ్, 25న లెక్కింపు, 27న మేయర్ ఎన్నిక జరిగాయి. మేయర్ మీద అవిశ్వాసం పెట్టే హక్కు కూడా కార్పొరేటర్లదే, ఓటరుది కాదు.

పాలకవర్గం ఏర్పడ్డాక కో-ఆప్షన్ సభ్యులను తీసుకుంటారు. వాళ్లలో మైనారిటీలకు స్థానం ఉంది. వీళ్లు సమావేశంలో మాట్లాడొచ్చు, సమస్య లేవనెత్తొచ్చు. ఓటు మాత్రం ఉండదు. "కో-ఆప్షన్ ఉంది గదా, మనకు ఓటెందుకు" అనే మాట అందుకే నిలబడదు. బడ్జెట్ మీద చేయి ఎత్తేది ఎన్నికైన కార్పొరేటరే.

మీ డివిజన్ నంబరు మారి ఉండొచ్చు

రామగుండం 2009లో కార్పొరేషన్ అయింది. 2011 లెక్కల్లో జనాభా దాదాపు 2.29 లక్షలు. 2020 ఎన్నికల్లో డివిజన్లు 50. ఆ తర్వాత చుట్టుపక్కల గ్రామాలు కలవడంతో డివిజన్లు 60కి పెరిగాయి. దీని అర్థం సూటిగా చెప్పాలంటే, 2020లో మీది ఏ డివిజనో అదే నంబరు ఇప్పుడు ఉంటుందని అనుకోవద్దు. ఒకే గల్లీలో ఎడమవైపు ఇళ్లు ఒక డివిజన్‌లో, కుడివైపు ఇళ్లు ఇంకో డివిజన్‌లో పడొచ్చు. ఇంటి నంబరుతో సరిచూసుకోండి.

రిజర్వేషన్ల గురించి ఒక్క మాట. తెలంగాణ పట్టణ సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు వేరే రిజర్వేషన్లు ఉన్నాయి. రిజర్వేషన్ పోటీ చేసేవాళ్లకే, ఓటేసేవాళ్లకు కాదు. మహిళా డివిజన్‌లో మగవాళ్లు కూడా ఓటేస్తారు. ఎస్సీ డివిజన్‌లో ఉన్న ముస్లిం కుటుంబం ఓటు కూడా అంతే విలువైనది. "మనవాళ్లు ఎవరూ నిలబడలే" అని ఇంట్లో కూర్చుంటే, వచ్చే ఐదేళ్లు ఆ గల్లీకి కార్పొరేటర్‌గా ఉండేది మాత్రం ఆ మనిషే.

పేర్లు ఎలా పోతాయి?

కార్పొరేషన్ జాబితా కొత్తగా ఇల్లిల్లూ తిరిగి రాసింది కాదు. అసెంబ్లీ ఓటర్ల జాబితానే తీసుకుని డివిజన్ల వారీగా విడగొడతారు. అందుకే అసెంబ్లీ జాబితాలో లేని పేరు డివిజన్ జాబితాలో ఉండదు. మన దగ్గర పేరు పోవడానికి, దొరకకపోవడానికి దారులు ఇవి.

ఒకటి, క్వార్టర్ మారడం. బదిలీ అయిందనో, పెద్ద క్వార్టర్ వచ్చిందనో, రిటైరయ్యారనో ఇల్లు ఖాళీ చేస్తారు. ఓటు పాత క్వార్టర్ నంబరు మీదే ఉంటుంది. బూత్ లెవల్ అధికారి వచ్చి చూస్తే అక్కడ వేరే కుటుంబం. "ఇక్కడ లేరు" అని రాసుకుంటారు. తర్వాత పేరు తొలగింపు దాకా పోవచ్చు.

రెండు, పేరు రాసే తీరు. ఉర్దూ పేరు తెలుగులోకి, ఇంగ్లిషులోకి వచ్చేసరికి పది రకాలవుతుంది. ఆధార్‌లో మొహమ్మద్, ఓటరు కార్డులో ఎం.డి., జాబితాలో మహ్మద్. ఒకచోట షేక్, ఇంకోచోట ఎస్.కె. పెళ్లికి ముందు సుల్తానా, తర్వాత బేగం. పేరుతో వెతికితే దొరకదు, "లేదు" అనుకుని వెనక్కి వస్తారు. పేరుతో కాదు, ఓటరు కార్డు మీది ఎపిక్ నంబరుతో వెతకండి. పేరు దొరికాక స్పెల్లింగ్ తప్పుంటే దిద్దించండి.

మూడు, పెళ్లి. మంచిర్యాల నుంచో కరీంనగర్ నుంచో కోడలు వస్తుంది. ఓటు మాయికలోనే ఉంటుంది. మన బిడ్డ పెళ్లయి వెళ్తే ఆమె ఓటు ఇక్కడే ఉండిపోతుంది. రెండు చోట్లా పేరు ఉండకూడదు, అది చట్టరీత్యా తప్పు. అత్తగారింటికి మార్పించుకోవడమే పద్ధతి.

నాలుగు, గల్ఫ్. ఏళ్ల తరబడి దుబాయ్‌లోనో సౌదీలోనో ఉన్నవాళ్ల పేర్లు "ఇంట్లో లేరు" కింద పోతాయి. వాళ్లకు విదేశీ ఓటరుగా ఫారం 6ఏ ఉంది. పాస్‌పోర్టులోని ఇంటి అడ్రసు మీద నమోదవుతారు. ఓటేయాలంటే స్వయంగా ఊరికి రావాలి, అసలు పాస్‌పోర్టు చూపాలి.

ఇది ఇక్కడి సమస్యే కాదు. 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక విస్తృత సవరణ జరిగినప్పుడు ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయారు, వలస వెళ్లారు, రెండుచోట్ల ఉన్నారు అనేవి చెప్పిన కారణాలు. ఆ పేర్లను కారణాలతో సహా బయటపెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. జాబితా ముందుగా చూసుకున్నవాళ్లకు అభ్యంతరం చెప్పే టైమ్ దొరికింది. ఇందులో మనకు ఉన్న పాఠం అదే.

ఏ ఇబ్బందికి ఎక్కడికి వెళ్లాలి?

ఇక్కడ రెండు వేర్వేరు కౌంటర్లున్నాయి. కలగలపొద్దు.

అసెంబ్లీ జాబితాలోనే పేరు లేకపోతే, లేదా ఇల్లు మారితే, పేరు తప్పుంటే: కేంద్ర ఎన్నికల సంఘం ఫారాలు వాడాలి. కొత్త ఓటుకు ఫారం 6. అడ్రసు మార్పు, పేరు దిద్దడం, పాడైన కార్డు స్థానంలో కొత్తది, వికలాంగుల నమోదు ఇవన్నీ ఫారం 8. చనిపోయినవాళ్ల పేరు తీయించడానికి, అభ్యంతరానికి ఫారం 7. ఓటరు సేవల పోర్టల్‌లో ఫోన్ నుంచే పెట్టుకోవచ్చు. లేదంటే మీ బూత్ లెవల్ అధికారికో, తహసీల్దార్ ఆఫీసులోనో ఇవ్వొచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 1950.

అసెంబ్లీ జాబితాలో ఉంది, డివిజన్ జాబితాలో లేదు, లేదా వేరే డివిజన్‌లో పడింది: అప్పుడు కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లి కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. అసెంబ్లీ జాబితాలోని భాగం నంబరు, క్రమసంఖ్య, ఎపిక్ నంబరు రాయండి. ఇంటి నంబరు రుజువు జత చేయండి. రసీదు తీసుకోకుండా రావొద్దు.

18 నిండిన పిల్లల విషయం. ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1. "వచ్చే సంవత్సరం చూద్దాం" అనాల్సిన అవసరం లేదు. ఇంటర్, డిగ్రీ చదివే అమ్మాయిల పేర్లు "పెళ్లయ్యాక అక్కడే రాయిస్తం" అని వదిలేసే ఇళ్లు ఉన్నాయి. అలా వదిలేస్తే ఆమె మొదటి ఓటు పోయినట్టే. ఇప్పుడు ఇక్కడ రాయించండి. తర్వాత ఫారం 8తో మార్పించుకోవచ్చు.

నోటిఫికేషన్ తర్వాత రెండు వారాలే

2020 లెక్క చూడండి. జనవరి 7న నోటిఫికేషన్. 8 నుంచి 10 దాకా నామినేషన్లు. 11న పరిశీలన. 14 దాకా ఉపసంహరణ. 22న పోలింగ్. అంటే నోటిఫికేషన్ నుంచి పోలింగ్‌కు పదిహేను రోజులు.

ఫారం 6 పెట్టిన వెంటనే పేరు ఎక్కదు. అభ్యంతరాలకు కనీసం ఏడు రోజులు ఉంచాలి. ఆపైన విచారణ, ఉత్తర్వు ఉంటాయి. పండగలు, సెలవులు మధ్యలో వస్తాయి. అందుకే మైకు బండి గల్లీలోకి వచ్చిన రోజు ఫారం కోసం పరుగెత్తితే పని కాదు. నోటిఫికేషన్ రాకముందే చూసుకోవాలి.

బ్యాలెట్ కాగితం ఎలా ఉంటుంది?

2020లో రామగుండంలో ఈవీఎంలు కాదు, బ్యాలెట్ పత్రాలు, పెట్టెలు వాడారు. ఈవీఎంకు అలవాటు పడిన యువతకు ఇది కొత్త. పెద్దవాళ్లకు మరిచిపోయిన అలవాటు. చెల్లని ఓట్లు పడేది కూడా ఇక్కడే.

పంచాయతీ సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులు ఉండవు. కార్పొరేషన్‌కు ఉంటాయి. ముందు గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు, తర్వాత రిజిస్టర్డ్ పార్టీలవాళ్లు, స్వతంత్రులు, చివరన నోటా. స్వతంత్రుల గుర్తులు ఒకదానికొకటి దగ్గరగా కనబడొచ్చు. పేరు, గుర్తు రెండూ చూసి ముద్ర వేయండి.

ముద్ర బాణాలతో ఉన్న అడ్డ గుర్తు. జనం స్వస్తిక్ ముద్ర అంటారు. పోలింగ్ సిబ్బంది ఇచ్చిన ఆ ముద్రతోనే ఒకే ఒక్క గడిలో వేయాలి. రెండు గడుల్లో పడితే చెల్లదు. రెండు గడుల మధ్య గీత మీద పడి ఎవరికో తేలకపోతే చెల్లదు. వేలిముద్ర వేస్తే, సంతకం చేస్తే, పేరు రాస్తే చెల్లదు. దువా గానీ నంబరు గానీ ఇంకే రాత గానీ వద్దు. ముద్ర వేశాక ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవండి. ఇంకు ఇంకో గుర్తుకు అంటకుండా ఉంటుంది.

పోలింగ్ రోజు

2020లో పోలింగ్ ఉదయం 7 నుంచి సాయంత్రం 5 దాకా జరిగింది. మూసే సమయానికి వరుసలో ఉన్నవాళ్లందరికీ ఓటు వేయనిస్తారు. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ ఉన్న ఇళ్లలో ఎవరు ఎప్పుడు వెళ్లాలో ముందు రోజే అనుకోండి. నైట్ షిఫ్ట్ దిగి వచ్చినవాళ్లు "పడుకుని లేచి పోదాం" అంటే ఓటు మిగలదు. దారిలోనే వేసి రావడం మేలు.

ఓటరు స్లిప్పు దారి చూపించే చీటీయే, గుర్తింపు కార్డు కాదు. ఎపిక్ కార్డు తీసుకెళ్లండి. అది లేకపోతే ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, ఫొటో ఉన్న పెన్షన్ కాగితం, ప్రభుత్వ రంగ సంస్థ ఇచ్చిన ఫొటో ఐడీ లాంటివి ఎన్నికల సంఘం ప్రకటించే జాబితాలో ఉంటాయి.

బురఖా వేసుకునే అమ్మలు, అక్కాచెల్లెళ్లు సంకోచపడాల్సిన పనిలేదు. పరదా పాటించే మహిళలు ఎక్కువ ఉన్న బూత్‌లలో మహిళా సిబ్బందిని పెట్టి, పక్కన వేరుగా ముఖం చూసి, వేలికి ఇంకు పెట్టే పద్ధతి ఎన్నికల నియమాల్లోనే ఉంది. ముఖం చూపించడం గుర్తింపు కోసం తప్పనిసరి. అది మహిళా సిబ్బంది ముందే చూపిస్తానని అడగడం మీ హక్కు. మీ బూత్‌లో ఆ ఏర్పాటు లేదనిపిస్తే ముందుగానే కార్పొరేషన్ ఆఫీసులో చెప్పి పెట్టండి.

చూపు లేనివాళ్లు, చేయి కదపలేనివాళ్లు 18 దాటిన ఒక తోడును వెంట తీసుకెళ్లొచ్చు. ఒక తోడు ఒక్కరికే.

మీరు వెళ్లేసరికి మీ పేరు మీద ఎవరో ఓటేసి పోయారని తెలిస్తే గొడవపడి తిరిగి రావొద్దు. ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి. గుర్తింపు రుజువైతే వేరే బ్యాలెట్ ఇచ్చి, దాన్ని పెట్టెలో వేయకుండా విడిగా కవరులో పెడతారు. మామూలు లెక్కింపులో అది రాదు. కానీ కేసు కోర్టుకు పోతే మీ ఫిర్యాదుకు రికార్డు అదే.

మస్జిద్, ప్రమాణం, నోటు

మస్జిద్, మందిర్, చర్చి ఏదీ ప్రచార వేదిక కాకూడదని ఎన్నికల నియమావళి చెబుతుంది. జుమా తర్వాత "లిస్టులో పేరు చూసుకోండి" అని చెప్పడం ప్రచారం కాదు. "ఫలానావాళ్లకే వేయండి" అనడం ప్రచారం. ఈ గీత కమిటీ పెద్దలు గుర్తుంచుకుంటే మంచిది.

ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా నేరమే. డబ్బు చేతిలో పెట్టి ఖురాన్ మీద చేయి వేయించి ప్రమాణం చేయించడం, వేయకపోతే దేవుడి ఆగ్రహం తగులుతుందని భయపెట్టడం ఎన్నికల చట్టం దృష్టిలో అక్రమమే. ముద్ర వేసే చోట మీరొక్కరే ఉంటారు. ఆ గుట్టు ఎవరికీ తెలియదు.

గుమ్మంలో అడగాల్సిన ప్రశ్నలు

అభ్యర్థులు నామినేషన్‌తో పాటు ఆస్తులు, చదువు, కేసుల మీద అఫిడవిట్ ఇస్తారు. అది అందరూ చూసేందుకు పెడతారు. అది చూశాక ఇవి అడగండి.

మన డివిజన్‌లో చెత్త బండి వారానికి ఎన్నిసార్లు రావాలి, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? ఎండాకాలం నీళ్ల సంగతేంటి? ఖబ్రస్తాన్ గోడ, దారి, లైటు ఎప్పటికి? కంపెనీ స్థలం, కార్పొరేషన్ స్థలం అని మోరీ పని ఆగిపోతే ఎవరితో మాట్లాడి చేయిస్తారు? మాంసం దుకాణాలకు శుభ్రమైన కోత స్థలం ఎక్కడ? మేయర్ ఎన్నికలో మీ చేయి ఎటు లేస్తుంది?

సమాధానం చెప్పిన మాటలు ఒక కాగితం మీద తేదీతో రాసి పెట్టుకోండి. ఐదేళ్ల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

ఈ వారమే చేయాల్సినవి

ఇంట్లో 18 దాటినవాళ్లందరి ఎపిక్ నంబర్లు ఒకచోట రాసుకోండి. ఆ నంబర్లతో అసెంబ్లీ జాబితా చూడండి. తర్వాత రాష్ట్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనో, కార్పొరేషన్ ఆఫీసులోనో డివిజన్ జాబితా చూడండి. క్వార్టర్ మారినవాళ్లు, కోడళ్లు, కొత్త ఓటర్లు ఉంటే ఫారం ఇప్పుడే పెట్టండి. దరఖాస్తు నంబరు ఫోన్‌లో దాచుకోండి. పక్కింటి ముసలావిడకు, భర్త గల్ఫ్‌లో ఉన్న ఇంటికి, ఫోన్ చూడటం రానివాళ్లకు కూడా ఒకసారి చూసి చెప్పండి. ఒక్కో పేరుకు ఐదు నిమిషాల పని, కార్పొరేటర్ ఉండేది మాత్రం ఐదేళ్లు.